తరుగు పోను మిగిలిన ఇల్లు

1894 నాటి భూసేకరణ చట్టంలో 24వ సెక్షన్ అని ఒకటుంది. పరిహారం లెక్కకట్టేటప్పుడు వేటిని అసలు పట్టించుకోకూడదో చెప్పే సెక్షన్ అది. అందులో రెండో అంశం, భూమిని వదులుకోవడానికి మనిషికి ఉన్న అయిష్టం. ఆ చోటు విడిచి వెళ్ళడం మీకు ఎంత కష్టమైనా సరే, ఆ కష్టానికి పైసా కూడా కట్టకూడదని చట్టమే రాసిపెట్టింది. తెల్లవాళ్ళ కాలంలో చేసిన ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా అరవై ఏళ్ళకి పైగా నడిచింది. 2013లో కొత్త చట్టం చేసేదాకా దేశంలో కట్టిన ప్రతి పెద్ద డ్యామూ దాదాపు దాని నీడలోనే కట్టారు.

ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకిది వేరేగా కనిపించింది. ఒక ఫంక్షన్‌కి ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పడం మామూలే. ఫలానా ఇన్‌పుట్ వచ్చినా తీసుకోవద్దని ప్రత్యేకంగా రాశారంటే, అది వస్తూనే ఉంటుందని రాసినవాళ్ళకి బాగా తెలుసన్నమాట. ఎవరూ ఇష్టంగా ఇల్లు వదలరని 1894లోనే తెలుసు.

నేను ఈ సెక్షన్ దాకా వచ్చింది శ్రీశైలం ముంపు గురించి చదువుతూ. మా నాన్నవాళ్ళ ఊరు ఆ నీళ్ళలో ఉంది, పాత నందికొట్కూరు తాలూకాలో, ఏటి ఒడ్డున. నేను పుట్టేటప్పటికే ఊరు మునిగి పదేళ్ళు దాటింది. అయినా మా ఇంట్లో 'ఇల్లు' అంటే ఆ ఇల్లే. కర్నూల్లో ముప్పై ఏళ్ళకి పైగా ఉంటున్న ఇంటిని మా అవ్వ ఇప్పటికీ 'ఈ కొంప' అనే అంటుంది. తేదీలు కూడా మావాళ్ళు సంవత్సరాల్లో చెప్పరు. మా చిన్నత్త పెళ్ళి 'నీళ్ళు రాకముందు', మా పెదనాన్నకి గుండెనొప్పి 'నీళ్ళొచ్చినంక'. క్రీస్తు పూర్వం, క్రీస్తు శకం లాగా.

చిన్ననాటి ఇంటి జ్ఞాపకాలు దాచుకోవడం అంటే మనకి అదొక తియ్యటి వ్యవహారం. తెలుగులో ఆ దారిలో మంచి పుస్తకాలే ఉన్నాయి. నామిని మిట్టూరు, ఖదీర్‌బాబు దర్గామిట్ట, వంశీ పసలపూడి. కానీ వాటన్నిటికీ ఒక సదుపాయం ఉంది. చదివినవాడు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి రావచ్చు. ఎంత మారిపోయినా చోటు అక్కడే ఉంది. ముంపు ఊరివాళ్ళకి ఆ సదుపాయం లేదు. వాళ్ళ దగ్గర జ్ఞాపకం ఒక్కటే రికార్డు. అది పోతే సరిచూసుకోవడానికి ఇంకేం లేదు. అవ్వకి ఇప్పుడు 84 ఏళ్ళు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి. శ్రీశైలం దగ్గర 1963 జూలైలో నెహ్రూ పునాదిరాయి వేశాడు. మొదట అనుకున్నది కరెంటు కోసమే. తర్వాత దానిమీద సాగునీళ్ళు, తాగునీళ్ళు, మద్రాసుకి వెళ్ళే తెలుగుగంగ, అన్నీ ఆధారపడ్డాయి. జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. ఆ గీతకి కింద పడిన ప్రతి ఊరూ ముంపు ఊరే. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అలాంటివి వందకు పైనే. ఊళ్ళు వదిలిన జనం లక్షకు పైన.

పునాదిరాయికీ ఊళ్ళు ఖాళీ చేయించడానికీ మధ్య 18 ఏళ్ళు గడిచాయి. ఈ 18 ఏళ్ళ గురించి పుస్తకాల్లో ఏమీ ఉండదు, ఎందుకంటే ఏమీ జరగలేదు కాబట్టి. కానీ ఇల్లున్నవాళ్ళకి అదే అసలు కథ. పోయే ఇంటికి గోడ పూయించాలా వద్దా? కొడుకు పెళ్ళికి కొత్త గది వేయాలా వద్దా? మునిగే ఊరికి పిల్లనివ్వడానికి పక్క ఊళ్ళవాళ్ళు వెనకాడారట. కొందరు మరమ్మతులు మానేశారు. మా తాత మానలేదు. "ప్రతి ఎండాకాలం చౌడు తోలించె. ఏటికి పొయ్యేదానికి ఎందుకు ఖర్చు అంటే, వానకు తెల్దు గదా ఇల్లు పోతాదని, అనె" అని అవ్వ చెప్పింది. ఆఖరి చౌడు 1980 ఎండాకాలంలో వేయించాడు.

చౌడు ఏంటో ఈ తరానికి చెప్పాలి. మా వైపు పాతకాలం ఇళ్ళు మట్టిమిద్దెలు. రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడలు రెండడుగుల మందం పైనే ఉంటాయి. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆకు, ఆ పైన మట్టి పరిచి గట్టిగా దిమ్మిస కొడతారు. అన్నిటికీ పైన చౌటినేల నుంచి తెచ్చిన చౌడు. అది తడిస్తే బిగుసుకుని నీళ్ళు దిగనివ్వదు. కానీ వానలకి కొట్టుకుపోతుంటుంది కాబట్టి ఏటేటా కొత్తది వేయాలి. వెలుతురుకీ పొగ పోవడానికీ పైన గవాచి. కింద నాపబండలు. ఇలాంటి ఇంటికి వయసంటే కట్టిన సంవత్సరం ఒక్కటే కాదు. ఎన్ని ఎండాకాలాలు ఎవరో ఒకరు పైకెక్కి చౌడు పరిచారో అది కూడా. సిమెంటు ఇల్లు కట్టేశాక ఒకలాగే ఉంటుంది. మిద్దె మాత్రం ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేస్తేనే ఉంటుంది.

ఇప్పుడు పరిహారం లెక్క. పాత చట్టం ప్రకారం నోటిఫికేషన్ వేసిన రోజు భూమికి ఉన్న మార్కెట్ ధర చూస్తారు. దానిమీద బలవంతంగా తీసుకుంటున్నందుకు 15 శాతం కలుపుతారు. 1984లో చట్టం సవరించి దాన్ని 30 చేశారు. ఇళ్ళకి పద్ధతి వేరు. అలాంటి ఇల్లు ఇప్పుడు కడితే ఎంతవుతుందో ప్రభుత్వ రేట్ల ప్రకారం లెక్కేసి, అందులోంచి ఇంటి వయసుని బట్టి తరుగు తీసేస్తారు. ఇల్లు ఎంత పాతదైతే అంత తక్కువ. మా ముత్తాత కట్టిన ఇల్లు అది. తరుగు పోను ఎంతొచ్చిందని అడిగితే, నాన్న అంకె చెప్పలేదు. "ఆ డబ్బుతో ఒక జత ఎద్దులు వస్తాండె" అన్నాడు.

తర్వాత 1981 జూన్. ఆ నెలలో జరిగిన పనికి రికార్డుల్లో మిగిలిన పేరు ఆపరేషన్ డెమాలిషన్. పోలీసులు, బుల్డోజర్లు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు కూలగొట్టించి జనాన్ని పంపించేశారు. నీళ్ళు తర్వాతెప్పుడో వస్తాయి. ఇళ్ళు నిలబడి ఉంటే జనం మళ్ళీ వచ్చి చేరతారని ముందే పడేశారు. అందుకే మా వైపు ముసలివాళ్ళు 'ఊరు మునిగింది' అనరు. 'ఊరు పగలగొట్రి' అంటారు. మునగడం ప్రకృతి పనిలాగా ఉంటుంది. పగలగొట్టడం మనిషి చేసే పని. క్రియాపదంలోనే చరిత్ర ఉంది.

మా తాత వాళ్ళు బుల్డోజర్ కోసం ఆగలేదు. వారం ముందే తమ ఇంటిని తామే విప్పుకున్నారు. దూలాలు, దంతెలు, వాకిళ్ళు, నాపబండలు, విసుర్రాయి, అన్నీ నాలుగు బండ్లకి వచ్చాయి. నాన్నకి అప్పుడు 14 ఏళ్ళు. గడప పీకేటప్పుడు అవ్వ పసుపు రాసిందట, పెళ్ళికి రాసినట్టే. ఆ వాకిలి ఇప్పుడు కర్నూలు ఇంట్లో దేవుడి గదికి ఉంది. గది చిన్నది, వాకిలి పెద్దది. చూసిన ప్రతివాళ్ళూ అడుగుతారు.

అదే ఏటి ఒడ్డున, దాదాపు అవే సంవత్సరాల్లో, ఇంకో రకం కట్టడాలు కూడా కదిలాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది. చాళుక్యుల కాలపు గుడి. దాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపూర్ తీసుకువెళ్ళి, ఏ రాయి ఎక్కడుండేదో అక్కడే పెట్టి మళ్ళీ కట్టారు. పాపనాశి గుళ్ళు కూడా అలాగే కదిలాయి. రూపాల సంగమేశ్వరం గుడి కర్నూలు పక్కన జగన్నాథగట్టు ఎక్కింది. ఆలంపూర్ నవబ్రహ్మాలయాల దగ్గరికి నీళ్ళు రాకుండా అడ్డుకట్ట కట్టారు. అంతకుముందు నాగార్జునసాగర్ అప్పుడు కూడా ఇలాంటి పనే జరిగింది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండమీద మళ్ళీ నిలబెట్టి, మ్యూజియం పెట్టారు. చాలా గొప్ప పని. ఆలంపూర్ వెళ్ళిన ప్రతిసారీ ఆ రాళ్ళని చూసి సంతోషపడతాను. అవి మునిగిపోయుంటే మనం పోగొట్టుకునేది కొంచెం కాదు.

కానీ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. గుడికి 1,300 ఏళ్ళ వయసు. అందుకే దానికి విలువ. ఇంటికి 90 ఏళ్ళ వయసు. అందుకే దానికి తరుగు. అదే ఏరు, అదే ప్రాజెక్టు, దాదాపు అవే సంవత్సరాలు. వయసు ఒకచోట కూడిక, ఇంకోచోట తీసివేత. గుడి రాళ్ళు ఏ వరసలో ఏది ఉండాలో రాసుకున్న మనుషులు ఉన్నారు. మా ఇంటి దూలాలకి ఆ లెక్క రాసుకున్నది ఎవరూ లేరు. నాలుగు బండ్ల సామానుతో కొత్త చోట ఇల్లు కట్టారు గానీ పాత ఇల్లు కట్టలేదు. కొలతలు ఎవరి దగ్గరా లేవు.

ఆ కొలతల కోసం నేను మూడేళ్ళ కిందట మొదలుపెట్టాను. మొదట ఇంటర్నెట్టే. అమెరికా సైన్యం 1950ల్లో ఇండియా మొత్తానికి 1:2,50,000 స్కేలులో వేసిన మ్యాపులు టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో జలాశయం లేదు. ఏరు ఏరులాగే సన్నగా వంకర్లు తిరుగుతూ ఉంటుంది, ఒడ్డున ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో. మా ఊరు పేరుని మ్యాపు మీద చూడటం నాకు అదే మొదటిసారి. నాన్నకి చూపిస్తే ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

తర్వాత లాండ్‌శాట్. మొదటి ఉపగ్రహం 1972లో పైకెళ్ళింది, కాబట్టి ముంపుకి ముందు తొమ్మిదేళ్ళ కాలం దాని కంట్లో పడింది. ఎంతో ఆశగా బొమ్మలు దించుకున్నాను. ఆ కాలపు కెమెరాకి ఒక్కో చుక్క నేలమీద సుమారు 80 మీటర్లు. అవ్వ చెప్పిన లెక్కన మా ఇల్లు నలభై అడుగుల పొడుగు, ముప్పై అడుగుల వెడల్పు. ఒక్క చుక్కలో అలాంటివి యాభై దాకా పడతాయి. అంటే ఆకాశం నుంచి చూసినప్పుడు మా ఊరంతా నాలుగైదు చుక్కలు. చుట్టూ ఉన్న చేలకంటే రంగు కొంచెం వేరు, అంతే. 1980ల బొమ్మలకి వస్తే ఆ చుక్కలు కూడా నల్లగా నీళ్ళలో కలిసిపోయాయి.

పాత పుస్తకాలూ తిరగేశాను. ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి వెళ్తూ శ్రీశైలం చూసి, ఆత్మకూరు మీదుగా వచ్చి, నివృత్తి సంగమం దగ్గర కృష్ణ దాటాడు. ఇప్పుడు మనం సంగమేశ్వరం అంటున్నది అదే. మజిలీ చేసిన ఊళ్ళలో ఇళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, నీళ్ళెలా ఉన్నాయి అని రాసుకుంటూ వెళ్ళిన మనిషి ఆయన. తెలుగువాళ్ళలో ఆ అలవాటు ఉన్నవాళ్ళు తక్కువ. కానీ ఆయన దారిన పోయేవాడు, ఇంటి లోపలికి రాలేదు. 1886లో నరహరి గోపాలకృష్ణమచెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఉంది. అది కలెక్టరు బల్ల మీద పెట్టుకునే రకం పుస్తకం. అందులోనూ ఊరు ఉంటుంది గానీ ఇల్లు ఉండదు. యాత్రికుడు, కలెక్టరు, ఉపగ్రహం ముగ్గురూ ఊరిదాకా వచ్చి ఆగిపోయారు. వాకిలి దాటి లోపలికి వెళ్ళాలంటే అవ్వ కావాలి.

అవ్వతో కూర్చుని ప్లాన్ గీయడం నేననుకున్నంత తేలిక కాలేదు. నేను గ్రాఫ్ పేపర్ పెట్టుకుని "వాకిలి ఎటువైపు అవ్వా?" అని మొదలుపెట్టాను. ఆమె పొయ్యి దగ్గర మొదలుపెట్టింది. "పొయ్యి తూర్పు దిక్కు. పొయ్యి కాణ్ణించి సూస్తే ఎవరొచ్చినా కనపడ్తారు." ఆ ఇంట్లో 24 ఏళ్ళు ఆమె ఉన్న చోటు అది. కొలతలు అడుగుల్లో రావు. "నేను కాళ్ళు సాపుకోని కూసుంటే ఈ గోడకి తగుల్తాండె." అవ్వ ఎత్తు కొలిచి, కాళ్ళు చాపించి కొలిచి, వంటింటి వెడల్పు రాశాను.

నాన్నని విడిగా అడిగాను. ఆయన ఇల్లు అటక దగ్గర మొదలవుతుంది. అటక, దాని మీదికెక్కే నిచ్చెన, గవాచిలోంచి మిద్దెమీదికి ఎలా పోవచ్చో, మిద్దె మీద ఎండాకాలం ఎవరి పక్క ఎక్కడో. ఎవరెక్కడ పడుకునేవాళ్ళో తొమ్మిదిమందికి చెప్పాడు, వంటిల్లు ఎటువైపో మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాడు. అవ్వకి అటక ఎంత ఎత్తో తెలీదు. ఇద్దరి ప్లాన్లూ ఒకదాని మీద ఒకటి పెడితే వంటింటి గోడ దగ్గర మూడడుగుల తేడా వచ్చింది. ఆ తేడా మీద ఇద్దరూ ఒకపూట వాదించుకున్నారు. "నువ్వు యానాడన్నా వంటింట్లేకి వొస్తివా?" అని అవ్వ అడిగాక నాన్న ఊరుకున్నాడు.

ఎండాకాలం రాత్రుళ్ళ గురించి ఇద్దరూ ఒకేలాగా చెప్పిన మాట ఒకటుంది. ఏటి మీదనుంచి గాలి వచ్చేది, గాలితోపాటు ఇసుకలో వేసిన దోసపాదుల వాసన వచ్చేది. ఏ మ్యాపులోనూ పట్టని సంగతి. కానీ దాన్ని బట్టి మిద్దె ఏటివైపు ఉందని, మధ్యలో గాలికడ్డంగా ఇంకో ఎత్తయిన ఇల్లు లేదని తెలిసింది. జ్ఞాపకం ముద్దుగా ఉన్నంత మాత్రాన పనికిరానిదేం కాదు.

మూడో ప్లాన్ నేను ఎదురుచూడనిది. మా ఇంట్లో ఏడాది జీతానికి ఉన్న మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన కొడుకు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటాడు, నాన్న ఈడువాడే. నాన్నని 'అప్పా' అని పిలుస్తాడు, నాన్న ఆయన్ని పేరుపెట్టి పిలుస్తాడు. అది ఊరితో పాటు మునగలేదు. ఆయన్ని మా ఇంటి గురించి అడిగాను. కొట్టం నుంచి మొదలుపెట్టాడు. ఎద్దుల గాడి ఎంత పొడుగు, కుడితి తొట్టి ఎక్కడ, పేడదిబ్బ ఎక్కడ, జొన్నల పాతర మూత ఏ బండతో వేసేవాళ్ళు, అన్నీ అంగుళాలతో సహా చెప్పాడు. నాపబండలు మొదలయ్యే చోటుకొచ్చి ఆగిపోయాడు. "ఆడికాణ్ణించి మేము పోతాంటిమి గాదు" అన్నాడు, మామూలుగానే. నేను ఆ గీతని ప్లాన్‌లో గీశాను. అవ్వ చెప్పినదాంట్లో గానీ నాన్న చెప్పినదాంట్లో గానీ ఆ గీత లేదు. ముగ్గురూ చెప్తేగానీ ఇల్లు పూర్తి కాలేదు.

అప్పుడు ఆయన్ని వాళ్ళ ఇల్లు ఎలా ఉండేదని అడిగాను. నవ్వాడు. "మాదేముంది, గుడిసె" అన్నాడు. పాత చట్టంలో పరిహారమంతా ఆస్తి చుట్టూ తిరిగేది. పట్టా ఉన్నవాడికి భూమి విలువ. పట్టా లేనివాడికి, ఇతరుల పొలంలో పనిచేసి బతికినవాడికి, ఆ పని పోయినందుకు ఏమీ లేదు. గుడిసెకి మహా అయితే వాసాల ఖరీదు. 1986లో ప్రభుత్వం జీవో 98 ఇచ్చింది, ముంపు కుటుంబాల్లో ఇంటికొకరికి ఉద్యోగం అని. దానికోసం దశాబ్దాల పాటు దరఖాస్తులు, దీక్షలు నడుస్తూనే ఉన్నాయి. అడిగినవాళ్ళు ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు. మనం రాసుకునే ఇంటి జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం పంచలు, అరుగులు, మండువాలు ఉన్నవాళ్ళవి. గుడిసె జ్ఞాపకాన్ని ఎవరూ అడగలేదు, ఉన్నవాళ్ళు కూడా చెప్పుకోదగ్గదని అనుకోలేదు. ఆస్తిని బట్టే పరిహారం ఇచ్చిన చట్టాన్ని తిట్టుకుంటూ, మన జ్ఞాపకాలని కూడా ఆస్తిని బట్టే రాసుకుంటే తేడా ఏముంది?

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన చెప్పాడు. గుండ్రటి గుడిసె, బోదకప్పు, నడుమ ఒక నిట్టాడు. ఆ నిట్టాడుకి వాళ్ళమ్మ ప్రతి పండగకీ సున్నం బొట్లు పెట్టేది. గుడిసె పీకినప్పుడు ఆ నిట్టాడు మాత్రం భుజం మీద మోసుకొచ్చారు. ఆయనకి ఆ గుడిసె కొలతలు తెలుసు, ఎందుకంటే కప్పు మార్చినప్పుడల్లా తండ్రితో కలిసి బోద కోసుకొచ్చింది ఆయనే.

ఎండాకాలంలో నీళ్ళు బాగా తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. వేపకర్రతో చేసిన శివలింగం అక్కడ, ధర్మరాజు పెట్టాడని చెప్పుకుంటారు. గుడి తేలిందని పేపర్లలో ఫోటోలొస్తాయి, భక్తులు పడవల్లో వెళ్తారు. అదే సమయంలో మునిగిన ఊళ్ళు కూడా కొన్ని తేలతాయి. గోడల మొదళ్ళు, బావి గట్లు, రచ్చబండ రాళ్ళు. వాటికి ఫోటోలు తీసేది ఆ ఊరివాళ్ళే. తేలిన నేలలో కొందరు విత్తనం కూడా వేస్తారు, మళ్ళీ నీళ్ళొచ్చేలోపు చేతికొస్తే వచ్చినట్టు. మావాళ్ళు రెండుసార్లు వెళ్ళారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఇంటి పునాది కనిపించిందని, అవ్వ వంటిల్లు ఉన్న చోట కూర్చుని లేవనని మొండికేసిందని నాన్న చెప్తాడు. రెండోసారి వెళ్ళినప్పుడు పునాది దొరకలేదు. బురద.

ఆ బురదకీ లెక్క ఉంది. శ్రీశైలం జలాశయంలో మొదట 308 టీఎంసీలు పట్టేవి. ఇప్పుడు సుమారు 215. మధ్యలో పోయినదంతా ఒండ్రు నిండిపోయిన చోటు. ఇంజనీర్లకి అది నిల్వలో నష్టం. మాకు అది ఇంటిమీద ఏటేటా పడుతున్న మట్టి. మిద్దెమీద ఏటేటా మట్టి వేసిన ఇంటిమీద ఇప్పుడు ఏరే మట్టి వేస్తోంది అనొచ్చు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ ఒకటి ఇల్లు నిలబెట్టడానికి, రెండోది కనపడకుండా చేయడానికి. పోలిక అంతవరకే.

ఇదంతా పాతకథ అయితే ఇంత రాయనక్కర్లేదు. గోదావరి మీద పోలవరం ముంపులో సుమారు లక్ష కుటుంబాలు ఉన్నాయి, అందులో చాలామంది ఆదివాసులు. కాఫర్ డ్యామ్ లేచాక దేవీపట్నం వైపు ఊళ్ళు ఇప్పటికే నీళ్ళు చూశాయి. 2013 చట్టం పాతదానికంటే చాలా నయం. అదనపు పరిహారం 30 నుంచి 100 శాతం అయింది, భూమి లేనివాళ్ళ ఉపాధిని కూడా గుర్తించింది, ప్రాజెక్టుకి ముందు సామాజిక ప్రభావం అంచనా వేయమంది. అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. కానీ ఏ చట్టమూ ఇంటి ప్లాన్ గీసి పెట్టదు. అది ఇంట్లోవాళ్ళు చేసుకోవాల్సిన పని. శ్రీశైలం జనం దగ్గర 1981లో కెమెరా లేదు. మా ఊరిది ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. కొలిచే టేపు లేకపోయినా ఫోనే కొలుస్తుంది.

ముంపే రానక్కర్లేదు కూడా. వాటాలు పంచుకుని అమ్మేసిన ఇళ్ళు, రోడ్డు వెడల్పులో సగం పోయిన ఇళ్ళు, అపార్ట్‌మెంటుకి ఇచ్చేసిన ఇళ్ళు మనందరికీ ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, "మీ చిన్నప్పుడు ఎలా ఉండేది" అని అడక్కండి. అలా అడిగితే అందరూ ఒకే జవాబు చెప్తారు, బాగుండేది అని. పొయ్యి ఎటువైపు, ఎవరెక్కడ పడుకునేవాళ్ళు, వాన కారితే ఏ మూల కారేది, నీళ్ళు ఎవరు తెచ్చేవాళ్ళు, ఎవరు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయేవాళ్ళు అని అడగండి. ఒకరిని అడిగి సరిపెట్టుకోవద్దు. జవాబులు కలవకపోతే కంగారుపడక్కర్లేదు, రెండూ రాసుకోండి.

మా ప్లాన్ ఇప్పుడు ఒక ఫైలుగా ఉంది. అవ్వది ఒక లేయర్, నాన్నది ఒక లేయర్, కొట్టం వైపు నుంచి మూడోది. మూడడుగుల తేడా అలాగే వదిలేశాను. పక్కన ఇంకో ఫైలు మొదలుపెట్టాను, నడుమ నిట్టాడున్న గుండ్రటి గుడిసెది. దానికి తలుపు ఏ దిక్కో ఆయన ఇంకా గట్టిగా చెప్పలేకపోతున్నాడు. వాళ్ళక్క పెబ్బేరులో ఉంటుందట, ఆమెకి గుర్తుండొచ్చు అన్నాడు. వచ్చే నెల వెళ్తున్నాం.